వేబిల్లు వెనక రెండు చెట్లు

దేవరకొండ డిపోల ఆఖరి ట్రిప్పు దిగి
పాత వేబిల్లు వెనక నడిమిట్ల గీత గీసిన.
ఇటు బాదం, అటు జామ.
ప్రహరీగోడ నెర్రె ఇచ్చింది,
రేపు పొద్దున బుచ్చయ్య రంపం తెస్తడు.
ఏదో ఒకటి తేల్చాలె.

నూటిరవై గజాల జాగ.
ఇల్లు వోను మిగిలింది ఇంత ఎర్రమొరం.
నర్సరీ జానిమియా అప్పుడే జెప్పిండు:
"అక్కా, ఒక్కటే వెట్టు.
రెండైతే పదిహేనడుగుల ఎడం గావాలె."
మా ఆయన జామ అన్నడు, నేను బాదమన్న.
ఎవ్వరం తగ్గలే.
ఆరడుగుల ఎడంతోని రెండు గుంతలు.
గడ్డపార మొన రెండుసార్లు కొలిమికి పోయొచ్చింది.
గంపెడు చెరువుమట్టి, గంపెడు మేకెరువు,
దోసెడు వేపపిండి,
రెంటికీ ఒక్కతీరుగ.

బాదం ఏదీ అడగలే.
మా పండ్లకు గార పట్టించిన బోరునీళ్ళే
పోస్తే తాగింది, మరిస్తే ఊకుంది.
మూడేండ్లల్ల మిద్దె దాటింది,
అంతస్తు మీద అంతస్తు
సాపలు పరిచినట్టు కొమ్మలు.
రోహిణికార్తెల సుత
దాని కింద షాబాదు బండ సల్లగుంటది.

జామ అట్ల గాదు,
జామది సంటిపిల్ల యవ్వారం.
ఆకు అడుగున తెల్లగ పిండినల్లి:
సబ్బునీళ్ళు, వేపనూనె, పాత టూత్‌బ్రష్షు.
కాయ దోరకొస్తే ఈగ కుడుతది:
కాయకొక్క కాయితం సంచి, సంచికొక్క దారం.
కాపు దిగంగనే కొసలు కత్తిరియ్యాలె.
ఎండకాలం నెలదినాలు నీళ్ళు బందు వెట్టాలె.
ఆకు రాల్చి అది అలిగి నిలవడ్డంక
అప్పుడు పాదు తవ్వి కడుపునిండ తాపాలె,
ఆ అలకనే పూత అయితది.
ఇవన్నీ మా ఆయన జేస్తడు.
నాకు జరమొచ్చిన నాడు గోలి తెచ్చుడు మరిచిన మనిషి
జామకాయ సంచులు ఎన్నున్నయో
నిద్రల లేపి అడిగినా జెప్తడు.

రాసుకుంట పోయిన.
జామ దిక్కు: నిరుడు నాలుగు గంపలు,
చిలుకలు తిన్నది వోను.
బాదం దిక్కు ఏం రాయాలె?
కాయ పలగ్గొడితే గోరంత పప్పు,
అది గూడ వేలు నలిగినంక.
ఊడ్పు, దినాం రెండు పూటలు.
సంపు గోడల వేరు. ఈ నెర్రె.
అండాలమ్మ లొల్లి.

ఆమె వాకిట్ల మా ఆకు వడ్డదని
గోడ మీదికెల్లి వారానికోసారి అందుకుంటది.
బాదం నీడ తప్పిచ్చుకొని ఎండ ఎతుక్కుంట
జామ గూడ ఆమె దిక్కే ఒరిగింది,
సగం కాయ ఆమె వాకిట్లనే రాలుతది.
దానికి మాత్రం ఏనాడూ నోరెత్తలే.

సరే, మరి మాఘమాసం ఎక్కడ రాయాలె?
ఉండేది పదిహేను దినాలే.
ఆకులన్నీ ఎర్రవడి, కొన్ని ఊదా తిరిగి,
ఒకటి అర పచ్చగనే మొండికేసి.
రాత్రి డ్యూటీ దిగి గల్లీ మలిగితే
ఆటో లైటు వడి చెట్టు మొత్తం
తోమిన రాగిబిందె అయితది.
పొద్దంత చిల్లర కోసం నోరు పారేసుకున్న మనిషిని,
గేటు తియ్యకుండ
ఒక్క నిమిషం నిలవడత.
ఆటో ఆయన పైసలడిగితే గాని తెలివికి రాను.
ఆ నిమిషం ఏ గడిల ఎక్కాలె?

పొద్దున బుచ్చయ్య రానే వచ్చిండు.
మొదలు ముట్టనియ్యలే.
జామకు ఎండ తగిలేటట్టు
బాదం కింది రెండంతస్తులు కోపిచ్చిన.
గోడ పొంటి నడుములోతు తవ్విపిచ్చి
వేరు తెంపి, రేకు పాతిపిచ్చిన.
కూలి పన్నెండొందలు, చాయ్ ఖర్చు వేరే.
మా ఆయన ఏమనలే.
రాలిన ఆకంత గోనెసంచిల ఈడ్చుకపోయి
జామ పాదుల మందంగ పరిచిండు,
తేమ ఆగుతదట.

లెక్క మాత్రం కలవలే.
డిపోల అయితే తక్కువ వడ్డది
జీతంల కోస్తరు.
ఇక్కడ పొద్దుపొద్దున్నే చీపురు వట్టుకొని
నేనే కడుతున్న.