రాత్రి డ్యూటీ, ఏనుగొండ

మూడింటికి కుర్మయ్య లేస్తడు.
మంచం కింద చేత్తో తడుముతడు.
"మేస్త్రీ, నా తట్ట యాడ పెట్టిన్రు? లారీ వచ్చింది."
మేస్త్రీని నేనే.

పగటి డ్యూటీ పిల్ల పాత చీర పేలికతోని
ఆయన మణికట్టును మంచంపట్టెకు కట్టి పోయింది.
కోపం లేదు నాకు. పదిహేడు మందికి
ఆమెవి రెండే చేతులు.
చెమటకు ముడి బిగిసింది, పండ్లతోని ఇప్పిన.

తనిఖీకొచ్చిన సార్లు
బాత్రూం గోడకున్న కడ్డీని ఊపి చూసిన్రు,
మాత్రల మీద తేదీలు చదివిన్రు.
మంచిదే. ఆ కడ్డీ లేకుంటే
పోయిన వానకాలమే ఊశమ్మ తుంటి విరిగేది.
మణికట్టు మీది గీత మాత్రం
ఎవరికీ కానరాలె.
ఆ పొద్దు పొడుగు చేతుల అంగీ తొడిగింది
నేనే.

ఇప్పుడు వరండల నడుస్తున్నం.
ఆయన ముందు, నేను అడుగు ఎనక,
నడుముకు తాకీ తాకని నా చెయ్యి.
ఏ డ్యామో తెలువదు, కట్ట మీదున్నడు.
"పైలం మేస్త్రీ, మట్టి వదులుగుంది"
అని నాకే చెప్తడు.

రిజిస్టర్ల రెండే గళ్లు: పడ్డడు, పడలేదు.
రెండోదాంట్ల టిక్కు పెట్టి
అంచుకు చిన్నగ రాసిన:
నాలుగు చుట్లు తిరిగిండు. కూలి అడిగిండు.
రేపిస్తనన్న.