చలామణి

డాక్టర్ రెనీ నా కాలి బొటనవేలు నొక్కి,
తెల్లబడ్డ చోటికి ఎరుపు తిరిగి రావడం కోసం
చాలాసేపు చూసి,
సర్క్యులేషన్ బాగాలేదు మర్డో, అంది.

ఆ వారంలో ఆ మాట వినడం అది మూడోసారి.

మొదట పేపర్లమ్మే డూగీ అన్నాడు:
సాయంత్రం ఎడిషన్ మూసేస్తున్నారట,
సర్క్యులేషన్ మరీ పడిపోయిందట.
రెండోసారి నా నోటితో నేనే చదివాను,
డండీ షెరిఫ్ కోర్టులో, బోనులో నిలబడ్డ ఎఫీ గిల్‌రూత్‌కి.
నకిలీదని తెలిసీ ఒక ఇరవై పౌండ్ల నోటును
సర్క్యులేషన్‌లోకి వదిలినందుకు, అని.

రక్తానికీ పేపరుకీ దొంగ నోటుకీ
మా వాళ్ళు ఒకే మాటతో సరిపెట్టుకున్నారు.
పొదుపరులం.

ఎఫీకి డెబ్బై ఒకటి.
పోయిన మొగుడి అకార్డియన్‌ని
ఎవరో కుర్రాడు ఎనిమిది నోట్లిచ్చి భుజాన వేసుకుపోయాడు.
ఏడు మంచివి.
ఎనిమిదోదాన్ని మందుల షాపు పిల్ల
వెలుతురుకు పట్టి చూసి, ఇది చెల్లదండీ, అంది.
ఎఫీ దాన్ని నాలుగు మడతలు పెట్టి
టీ డబ్బాలో మూడు వారాలు దాచింది.
నాలుగో వారం, వాన పడుతున్న శుక్రవారం,
రెండు పొగబెట్టిన హాడాక్ చేపలకి
లాకీ చేతిలో పెట్టేసింది.

నేను చెయ్యలేదయ్యా, అంది కోర్టులో,
నాకొకడిచ్చాడు, నేనొకడికిచ్చాను.

మా పాత చట్టంలో దీనికో మాట ఉంది: అటర్.
నోరు తెరిచి పలకడమన్నా అదే,
దొంగ కాగితాన్ని నిజమని చెల్లించడమన్నా అదే.
తయారు చేసినవాడిది ఒక నేరం,
పలికినవాడిది ఇంకొకటి.
గుమాస్తాగా చేరిన కొత్తలో నవ్వుకున్నాను,
నోటికీ నోటుకీ ఏం చుట్టరికమని.

ఇప్పుడు చెప్పక తప్పదు.
కేసు కాగితాలు నా బల్ల మీదికొచ్చిన రాత్రి
సూప్ చల్లారుతుంటే, ఊసుపోక,
మా అక్క నెటాతో అన్నాను:
ఎఫీ గిల్‌రూత్ తెలుసుగా? దొంగ నోటు మార్చిందట.

అంతే.
తెల్లారేసరికి హిల్‌టౌన్ మెట్లన్నీ ఎక్కి దిగింది ఆ మాట.
ఆ నోటు మూడు చేతులే మారింది,
ఎఫీ పేరు ఆ నోటా ఈ నోటా పడి
ఎన్ని గుమ్మాలు తిరిగిందో
లెక్క రాసిన గుమాస్తా లేడు.

అబద్ధం చెప్పానా? లేదు.
అయితే ఆ ఏడు మంచి నోట్ల సంగతి
నేను చెప్పలేదు.

షెరిఫ్ మందలించి పంపేశాడు, పదకొండు నిమిషాల్లో.
నోటుని ప్లాస్టిక్ సంచిలో పెట్టి
మూడో నంబరు చీటీ నేనే అంటించాను.
ఇక అది ఎవరి చేతి వేడినీ ఎరగదు.
బింగో హాల్లో ఎఫీ కుర్చీ మీద
ఇప్పుడు ఎవరిదో తడి కోటు ఆరుతోంది.
ఎఫీ కనబడట్లేదే అని ఎవరైనా అంటే
సర్క్యులేషన్‌లో లేదులే, అంటారు, నవ్వుతూ.
నాలుగోసారి.

చెల్లని నోటును బ్యాంకు వెనక్కి లాక్కుంటుంది.
మాటకి బ్యాంకు ఏది?

రోజూ ఇరవై నిమిషాలు నడవమంది డాక్టర్ రెనీ.
టే నది మీది గాలి చెవులు కోస్తుంటే
నడుచుకుంటూ లాకీ కొట్టుకి వెళ్ళాను.
పన్నెండేళ్ళ పరిచయం,
అయినా నా నోటును బల్బుకి పట్టి చూశాడు.
అలవాటైపోయింది, ఏమనుకోకు, అన్నాడు.

ఏడు మంచివే లాకీ, అన్నాను.

ఏవి? అన్నాడు, కత్తి తుడుచుకుంటూ.

అకార్డియన్ దగ్గర్నుంచి మొదలుపెట్టాను.
నా వెనక వరసలో ఇద్దరు ఆడవాళ్ళున్నారు,
ఒకామె బింగో హాల్లో అంకెలు చదువుతుంది.
కాస్త గట్టిగానే చెప్పాను.