ఓనర్ రిస్క్

గుండె అనకండి దాన్ని.
రశీదులో అలాంటి గడి లేదు.
"పాత డీజిల్ ఇంజను, ఒకటి" అని రాశాను.
కార్బన్ కాగితం కింద అదే మాట
నీలంగా, కొంచెం పలచగా పడింది.

ఆటోనగర్, మధ్యాహ్నం మూడు.
ఎండకి రేకుల షెడ్డు టపటపమంటోంది.
యేసుపాదం మేస్త్రి ట్రాలీ రిక్షా వెనకే నడిచొచ్చాడు
ఒక చెయ్యి పెట్టె మీదే ఉంచి,
ఆస్పత్రి వరండాలో స్ట్రెచర్ పక్కన నడిచే మనిషిలా.

పెట్టె చేసింది పోలారావు.
నున్న మామిడి యార్డులో మిగిలిన చెక్కలు,
సందుల్లో వరిగడ్డి,
అడుగున అరిగిపోయిన లారీ టైరు ముక్కలు నాలుగు.
ముక్కు ఆనిస్తే బంగినపల్లి,
వెనక్కి జరిగితే గ్రీజు.

కాటా ముల్లు ఊగి ఊగి
రెండొందల పన్నెండు దగ్గర ఆగింది.
"చెక్క తీసేస్తే నూట తొంభయ్యే" అన్నాడు
రేషను డీలరుతో మాట్లాడే గొంతుతో.

"నూనె దించారా?"
"దించాను. నీళ్లూ దించాను.
ఇంజెక్టర్ల బొక్కల్లో గుడ్డలు కుక్కాను.
సిలిండరుకి ఒక చెంచా కొత్త నూనె మాత్రం పోశా,
దారిలో తుప్పు పట్టకుండా.
పసిబిడ్డ మాడుకి అంటినంతే."

అయినా ఒక చుక్క కారింది
చెక్కల సందులోంచి, మా నేల మీదకి.
ఇద్దరం చూశాం.
రూలు ప్రకారం వెనక్కి పంపాలి.
నేను పెన్ను మూత కోసం వెతుక్కున్నాను, చాలాసేపు,
ఆయన భుజం మీది తువ్వాలు చింపి
సందులో కుక్కేదాకా.

ఎక్కడికయ్యా అంటే జోర్హాట్.
కోల్‌కతాలో ఒక లారీ దిగి, సిలిగుడిలో ఇంకోటి ఎక్కి,
బ్రహ్మపుత్ర దాటి.
అక్కడ దిగంత సైకియా అనే ఆయన దగ్గర
తెల్ల అంబాసిడర్ బాడీ ఉందట,
బానెట్ ఎత్తితే గడ్డి కనిపిస్తుందట.
ఇక్కడి బాడీని మొన్ననే
పాత ఇనుము వాళ్లు కోసేశారు.
ఇరవై ఆరేళ్లు కృష్ణ నీళ్లే తాగింది ఇది.

మూత మీద సుద్దతో "ఇటు పైకి" అని రాశాడు.
"సిలిగుడి ముఠావాళ్లకి తెలుగొస్తుందా, మేస్త్రీ?"
ఆలోచించి పక్కన బాణం గీశాడు.
మళ్లీ ఆలోచించి
బాణానికి రెండు కాళ్లూ ఒక తలకాయా పెట్టాడు.

విలువ అనే గడి దగ్గర ఆగాం.
తూకానికైతే ఎనిమిది వేలు.
నడిచే ఇంజనుకైతే ఇరవై ఆరు.
"మీరే చెప్పండి."
గోళ్లలోని నలుపు చూసుకుంటూ
"ఎక్కువ రాస్తే చార్జీ పెరుగుద్దా అమ్మాయీ?" అన్నాడు.
పెరుగుతుంది అన్నాను.
"అయితే తక్కువే రాయి.
దానికి తెలీదులే."

పగిలినా, తడిసినా, పోయినా
బాధ్యత యజమానిదే అన్న రబ్బరు ముద్ర
రోజుకి నలభైసార్లు కొడతాను.
ఆవేళ సిరా సరిగ్గా అంటలేదు.
మళ్లీ కొట్టలేదు.

పంతొమ్మిదో రోజున మేస్త్రి వచ్చాడు
మోగుతున్న ఫోను అరచేతిలో పెట్టుకుని.
"వాళ్ల హిందీ నాకు అందట్లేదు, కాస్త విను."
స్పీకర్ పెట్టాను.
అవతల వాన. ఎవరో నవ్వడం.
తర్వాత సెల్ఫు గిరగిరమని, ఆగి, మళ్లీ గిరగిరమని,
పట్టుకుంది.

లేతు మిషన్లు, డెంటింగు సుత్తులు,
ఎవరిదో రివర్స్ హారన్,
మా వీధిలో ఏదీ ఆగలేదు దానికోసం.
నేనే షట్టరు సగం దించాను.
మేస్త్రి కళ్లు మూసుకుని విన్నాడు.
ఇప్పుడేదో అంటాడనుకున్నాను,
వినగానే నేను పెన్ను మూత వెతుక్కోవాల్సిన మాట.

"మూడో సిలిండరు మిస్సింగ్ కొడతంది.
ట్యాపెట్లు చూసుకోమని చెప్పు."

చెప్పాను, నాకొచ్చిన హిందీలో.

నేల మీద ఆ చుక్క ఇంకా ఉంది.
కిరసనాయిలు పోసి రుద్దినా పోలేదు.
కొత్త పెట్టెలు దాని మీదే దించుతున్నారు.