నూటికి రెండు

ఇసకపల్లి దాటాక జాలయ్య పడవ అంచుకి
రేడియోమీటర్ బిగించి కూర్చున్నాను.
ఎరుపుకి అవతలి వెలుగులో సముద్రం
ఒక్క అద్దం కాదు,
గాలి ఎటు వంచితే అటు ఒరిగే
లక్షల గాజుపెంకులు.
ఒక్కో పెంకు వాలుకీ ఒక లెక్క.

అందే వేడిలో నూటికి తొంభై ఎనిమిది నీళ్లవి.
రెండు ఆకాశానివి, అద్దెకున్నవి.
తీసేయాలి.

"ఏందయా సారూ, తీసేస్తా ఉండావు?"
చెప్పాను.
తెడ్డు ఆపి నీళ్లకేసి చూశాడు.
"ఆ రెండూ చూసే గదా
మబ్బు యాడ లేస్తా ఉందో,
ఎప్పుడు ఒడ్డుకి మళ్లాల్నో మాకు తెలిసేది."

కొండగాలి తిరిగింది.
పెంకులన్నీ ఒక్కసారి పక్కకి ఒత్తిగిల్లాయి.
నా మోడల్లో ఈ గాలికి
సెకనుకి అయిదు మీటర్లని తప్ప పేరు లేదు.

తీసేసిన రెండునీ
నోటుబుక్కు వెనకపేజీలో
రాసిపెట్టుకున్నా.