మిగిలిన ఆరుగురు

బిష్కెక్‌లో జనవరి.
కొళాయి నీళ్ళు వేళ్ళని కొరుకుతున్నాయి.
అంబులెన్స్ కేంద్రం మూడో అంతస్తులో
కొత్త యంత్రానికి రేపు ప్రారంభోత్సవం.
రిబ్బను కొన్నారు, కత్తెర కోసం వెతుకుతున్నారు.

యంత్రం పని చిన్నదే.
ఫోన్లో వణికే గొంతు వింటుంది,
ఎవరికి బండి ముందు పంపాలో
ఎవరిని కాసేపు ఆగమనాలో చెబుతుంది.
నూటికి తొంభై నాలుగు సార్లు సరిగ్గా చెబుతుందని
గోడకి పెద్దక్షరాల కాగితం.

"మిగిలిన ఆరుగురు ఎవరు?"
అడిగింది బురుల్చా.
అక్కడ పెద్ద ఆమే, సంతకమూ ఆమెదే.
ఎవరూ తల ఎత్తలేదు.

కిర్గిజ్ భాషలో
మగైనా అల్, ఆడైనా అల్,
మంచులో నిలబడ్డ గుర్రమైనా అల్.
ఆ మాట ఎవరినీ ఏ పక్కకీ తోయదు.
నా తెలుగు అలా కాదు.
"వచ్చింది" అంటే
వదిన కావచ్చు, వాన కావచ్చు,
ఏడో నంబరు బస్సు కావచ్చు.
మా వ్యాకరణం స్త్రీకి మహతి అని ఘనంగా పేరు పెట్టి
ఏకవచనంలో తీసుకెళ్ళి అమహత్తుల పక్కన కూర్చోబెట్టింది.
పదిమందిలో కలిస్తేనే ఆమెని "వచ్చారు"లోకి రానిస్తుంది.
బట్టీ పట్టి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి.
వాళ్ళ భాషలో లేని గోడ
వాళ్ళ యంత్రంలోకి ఎలా వచ్చిందో
ఆ గదిలో ముందు నాకే తెలియాల్సింది.
తెలియలేదు.

తెలిసింది జూరాకాన్‌కి.
బీట్‌రూట్ రంగు శాలువా,
ముప్ఫై ఒక్క ఏళ్ళ హెడ్‌ఫోన్ కింద
ముడుచుకుపోయిన ఎడమ చెవి.
పరీక్షకని మాట్లాడమంటే
ఒకటే బాధ రెండుసార్లు చెప్పింది.
"గుండె మీద బండ పెట్టినట్టుందట, దవడ లాగేస్తోందట,
మా ఆయనకి."
ఎర్ర దీపం. నాలుగు నిమిషాల్లో బండి.
అదే బండ, అదే దవడ,
"మా ఆడపడుచుకి."
పసుపు దీపం. కంగారు కావచ్చు.
మంచినీళ్ళు తాగించండి, మళ్ళీ ఫోన్ చేస్తాం.

"ఆడా మగా అనే గడి తీసేశాం కదా,"
తిలెక్ గొంతు పొడిబారింది,
"దానికెలా తెలుస్తుంది?"

"పాత రిజిస్టర్లు ఇచ్చారా?"
"ఇరవై ఏళ్ళవి."
"సగం నా చేతిరాతే.
రాత్రి మూడింటికి ఆడగొంతు వినిపిస్తే
నరాల బలహీనత అని రాసేదాన్ని.
నాకలా నేర్పారు, నేర్చుకున్నాను.
నా దగ్గర అది నేర్చుకుంది."
తర్వాత ఒక ఇంటి నంబరు చెప్పి
ఆగిపోయింది.
మిగతాది ఎవరూ అడగలేదు.

మంత్రిగారి ఆఫీసు నుంచి ఫోను.
కెమెరాలు పదింటికే వస్తాయట,
తొంభై నాలుగు తక్కువా అట.
"తక్కువని కాదు," అంది బురుల్చా,
"మిగిలిన ఆరుగురూ ఒకే పక్కన నిలబడి ఉన్నారు."

కాగితం మీద రెండే మాటలు రాసింది.
ఆపాను. బాధ్యత నాది.
యంత్ర లోపం అని రాయలేదు,
తిలెక్ అని రాయలేదు,
జూరాకాన్ అని అసలే రాయలేదు.

"రిజిస్టర్లన్నీ మళ్ళీ చదవాలి," అంది జూరాకాన్,
"ఎండాకాలం దాకా పడుతుంది."
"చదవండి. ఆ కుర్చీలో, తిలెక్ పక్కన."
"జీతం?"
"తిలెక్‌దే."
మొదటిసారి ఆ శాలువా కాస్త జారింది.

మా భాషలోనూ ఒక మాటుంది,
ఆడా మగా చూడనిది: ఎవరు.
అది ప్రశ్నలోనే బతుకుతుంది.
అడిగినంతసేపే ఉంటుంది.

కత్తెర ఆ సాయంత్రం దొరికింది.
దాంతో జూరాకాన్ రిజిస్టర్ల కట్ట మీది
పురికొస కోసింది.
అప్పుడే ఫోన్ మోగింది.
ఆమె హెడ్‌ఫోన్ తగిలించుకుని
ముందు ఇంటి నంబరు అడిగింది.