గుడ్డికొంగ పాస్‌పోర్టు ఫోటో

వేలచ్చేరి స్టేషను మెట్ల పక్కన
నా స్టూడియో వెడల్పు తొమ్మిది అడుగులు.
నీలం తెర, తెల్ల తెర, కాలు ఊగే స్టూలు,
మేకుకి వేలాడే దువ్వెన, పౌడరు డబ్బా.
ఇరవై ఆరేళ్లుగా మనుషుల్ని
మెడ కింద నాలుగు వేళ్ల దగ్గర తెగ్గోస్తున్నాను.
రెండు చెవులూ కనబడాలి,
నవ్వకూడదు, నీడ పడకూడదు.
ఎనిమిది కాపీలు. చిల్లర ఉంటే ఇవ్వండి.

ఆదివారం మాత్రం
పళ్లికరణై చిత్తడి గట్టున బోర్లా పడుకుంటాను,
వాయిదాల మీద కొన్న పొడుగు లెన్సుతో.
ఆ కొంగకి చెవులెక్కడో నాకు తెలీదు.
గడ్డం కొంచెం దించు అంటే దించదు.
పక్కనే నిలబడ్డా కదలదని కాబోలు
పెద్దవాళ్లు దాన్ని గుడ్డికొంగ అన్నారు.
ఎండుగడ్డి రంగు కప్పుకుని
మన్నులో మన్నై కూచుంటుంది,
రెక్క విప్పితే తప్ప తెల్లనిదని తెలీదు.
కానీ ఆ కన్ను!
పసుపుకొమ్ము అరగదీసి
మధ్యలో మిరియపు గింజ అద్దినట్టు.

ఆ ఒక్క కన్ను మీద నిలిపితే చాలు,
మిగతాదంతా మసకైనా ఎవరూ అడగరు.
కంట్లో చుక్కంత వెలుగు పడకపోతే
ఈకలెంత పదునుగా వచ్చినా
పొట్టు కూరిన బొమ్మే.
ముక్కు ఎటుంటే అటు కాస్త ఖాళీ వదలాలి,
చూపు వెళ్లి కూచోడానికి ఒక అరుగులాగా.
ఇదంతా చెప్పింది కదిరవన్.
నీళ్ల ట్యాంకరు నడుపుతాడు,
నాకంటే మంచి బొమ్మలు తీస్తాడు.
నా మొదటి పదీ చూసి
"పాపం, దాని ముక్కు గోడకి గుద్దించారే అణ్ణా" అన్నాడు.
స్టూడియో అలవాటు మరి.

రాత్రి షట్టరు సగం దించి
కంప్యూటరు ముందు కూచుంటే కత్తిరింపు మొదలు.
ముందు చెత్తగుట్ట పొగ పోతుంది.
ఆపైన అద్దాల ఆఫీసు, దాని నెత్తిన ఎర్ర దీపం.
తర్వాత కాళ్లు. కాళ్లకంటిన బురద.
ఇంకొంచెం లోపలికొస్తే
ఆ కొంగ ఎక్కడిదో కొంగకే తెలీదు,
ఏ దేశమైనా వీసా ఇస్తుంది.

కుడి అంచున ఒక్కటి మిగిలింది.
మసక మసక తెలుపు, గోరంత.
ఇంకో కొంగ రెక్క చివరో
పాల ప్యాకెట్టు ముక్కో.
అది పోవాలంటే
చూపు ముందరి అరుగు పోవాలి.

మొన్న ఆడి మాసంలో మునిరత్నమ్మ వచ్చింది,
ఎవరిదో పెళ్లి గ్రూపు ఫోటో కొంగున చుట్టుకుని.
మొగుడి మొహం ఒక్కటే కావాలంది,
పెద్దది చేసి, దండకి చోటుంచి.
పదకొండు మందిని తీసేశాను.
ఆయన భుజం మీద ఒక చెయ్యి మిగిలిపోయింది,
నాలుగు వేళ్లు, ఒక రాగి ఉంగరం.
చెరిపేస్తానమ్మా, చొక్కా రంగు పూస్తే తెలీదు, అన్నాను.
కళ్లద్దాలు పైకి తోసి చాలాసేపు చూసింది.
"ఎవరిదో జ్ఞాపకం రావట్లేదయ్యా.
ఉండనీ.
పట్టుకునున్నారు గదా."

చివరి రైలు పైనుంచి వెళ్లింది.
నీలం తెర కొంచెం ఊగి ఆగింది.
ఆ తెల్లటిదేమిటో పొద్దున కదిరవన్‌ని అడగాలి.
గీతని వేలెడు వెనక్కి జరిపాను.
కొలత తప్పకూడదు కాబట్టి
కింద గీతా దానంతటదే దిగింది.
ఒక కాలు తిరిగొచ్చింది,
బురదతో సహా.