అరచేతి వెనక

షోరూము పిల్లగాడు రెండు చూపించిండు.
ఒకటి గోడకు బిగించే తెల్ల డబ్బా, ఏడు కిలోవాట్లది,
ముట్టుకుంటే నీలం దీపం.
ఇంకోటి కారుతోపాటే వచ్చే నల్ల కేబులు,
పదహారు ఆంపుల సాకెట్టుంటే చాలు దానికి.
"తెల్లదైతే నాలుగు గంటల్ల ఫుల్లు, మేడమ్.
నల్లది తెల్లందాక తింటనే ఉంటది."

ఈయన కండ్లు తెల్లదాని మీదనే.
వారం దినాలు ఫోన్ల వీడియోలు,
కంచం ముందర కూడా ఆంపుల ముచ్చటే.

నా లెక్క చిన్నది.
హనుమకొండ నుంచి పరకాల బడికి, మళ్ల ఇంటికి,
డెబ్బై చిల్లర కిలోమీటర్లు.
రాత్రి పదింటి నుంచి అయిదు దాకా
కారుకు పనిలేదు, నాకూ లేదు.
ఏడు గంటలు పండుకునేదానికి
ఉరుకులాట బువ్వ ఎందుకు?

మొగిలి వచ్చిండు, చెవి మీద టెస్టరు చెక్కుకొని.
కరెంటు బిల్లు ఎనకాముందు తిరగేసి,
"మీ లోడు మూడు కిలోవాట్లే అక్కా.
తెల్లది పెడితే అర్జీ పెట్టాలె, పైసలు కట్టాలె,
స్తంభం నుంచి కొత్త వైరు గుంజాలె.
నల్లదానికైనా అయిదుకు పెంచుకోండ్రి.
గీజరు, బోరు మోటరు, కారు,
ముగ్గురిని ఒక్కసారి లేపకుండ్రి,
కొట్లాడుకుంటయి."
ఆ మాటకు ఈయన మెత్తబడ్డడు.
పైసల మాటకేమో.

"అర్తింగుందా?"
ఇద్దరం ఒక్కసారే "ఉంది" అన్నం,
ఎక్కడున్నదో తెల్వకుంటనే.
దేవులాడితే దొరికింది
నల్లా పైపుకు చుట్టిన మూరెడు తీగ.
పైపేమో మూడేండ్ల కింద ప్లాస్టిక్కయింది.
దాన్ని నమ్ముకొనే ఇన్నొద్దులు
తడిచేతులతోని ఫ్రిజ్జు తెరిచినం.

గేటు పక్కన తవ్వితే
మూడడుగులకే గడ్డపార ఖణేలుమన్నది.
"ఓరుగల్లు అని ఊకెనే అన్నరా,
పేర్లనే రాయుండె" అని మొగిలి నవ్విండు.
జామచెట్టు అవతల దిగింది గుంత.
రాగి కడ్డీ, సంచెడు దొడ్డుప్పు,
నక్కలగుట్ట మూలమీద కంకులు కాల్చే
వీరలచ్చి దగ్గర కొన్న బొగ్గు.
"ఎండకాలం బిందెడు నీళ్లు పొయ్యుండ్రి,
చెట్టుకు పోసినట్టే.
ఎండితే అది పనిచెయ్యది."

తడిసిన బొగ్గు వాసనకు
బాపు యాదికొచ్చిండు.

అప్పుడు బాయికాడికి కరెంటు
ఒక వారం పగలు, ఒక వారం రాత్రి.
రెండింటికి ఎవ్వరు లేపకుంటనే లేచేటోడు.
బ్యాటరీ లైటు, కట్టె, తడి గెట్టు మీద నడక.
స్టార్టరు డబ్బాకు అర్తింగు లేదు,
మా ఊళ్లె ఎవ్వలకు లేదు.
ముందుగాల అరచేతి వెనకతోని ముట్టేటోడు, గంతే.
"అరచేత్తోని ముడితే కరెంటు చెయ్యి ముడిపించి
పట్టుకుంటది బిడ్డా.
వెనకతోని ముడితే నూకేస్తది.
నూకేసేటోడే నయం."
నేను ఆరో తరగతి.
తలుపును, బువ్వగిన్నెను, తమ్ముని చెంపను
అట్లనే ముట్టుకుంట తిరిగిన కొన్నాళ్లు.

పక్క బాయి సాంబయ్యను నూకలేదు.
పట్టుకున్నది.

రాత్రి పదయింది.
కారు మూతికి నల్ల కేబులు తగిలించిన.
మొగిలి మీటరుతోని చూసి మంచిగుందని
సాయంత్రమే చెప్పి పోయిండు.
డబ్బా మీద పచ్చ దీపం
ఊపిరి తీసినట్టు వెలిగి ఆరుతున్నది.

చెయ్యి తిప్పి,
వెనకతోని ముట్టిన.

ఏం లేదు.
జరంత వెచ్చగ, అంతే,
పండుకున్న పిల్ల నుదురు తీరు.

కిటికీల నుంచి ఈయన,
"ఏం చేస్తున్నవక్కడ?"
"ఏం లేదు. ఎక్కుతున్నదా లేదా అని."